భక్త రామదాసు అనుతాపము

భగవంతుని స్తుతించిన భక్తులు మన దేశమున అనేకులు కలరు. చనువుకొలది భగవంతుని నిందించిన భక్తులును కొందరు కలరు. నిందించి, ఆ నిందకు తామే నొచ్చుకొని, అదే నోటితో మన్నింపుమని వేడిన భక్తులు మాత్రము మిక్కిలి అరుదు. అట్టివారిలో అగ్రగణ్యుడు భద్రాచల రామదాసు. ఆయన కీర్తన వినబడని తెలుగిల్లు లేదు. ఆయన కథను హరికథలలో వినినవారము, నాటకములలోను చలనచిత్రములలోను చూచినవారము. అయినను ఆ మహనీయుని జీవితములో ఒక ఘట్టమును గూర్చి మనము తగినంత ఆలోచింపలేదని ఈ వయస్సున నాకు తోచుచున్నది. అది ఆయన గోలకొండ చెరసాలలో కూర్చుండి తన గతమును తానే తిరిగి చదువుకొనిన ఘట్టము. దానిని మనసున ఉంచుకొని ఆ పుణ్యచరితమును మరల ఒకమారు స్మరింతము.

జననము – వంశము

ఖమ్మము పట్టణమునకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున నేలకొండపల్లి అను గ్రామము కలదు. అది మిగుల ప్రాచీనమైన ఊరు. అచటి మట్టిదిబ్బలలో బౌద్ధుల కాలము నాటి స్తూపము బయల్పడినది. 17వ శతాబ్దమున ఈ గ్రామమందు లింగన్న మంత్రి, కామాంబ అను దంపతులకు గోపన్న జన్మించెను. ఇంటిపేరు కంచెర్లవారు. ఆత్రేయ గోత్రము. ఈ వివరములకు మనము ఇతరుల సాక్ష్యము వెదకనక్కరలేదు. తాను రచించిన దాశరథీ శతకము చివర ఆయనయే తండ్రి పేరును, గోత్రమును, ఇంటిపేరును చెప్పుకొనినాడు.

గోలకొండ ప్రభువు కొలువున ప్రఖ్యాతి గాంచిన అక్కన్న మాదన్నలు గోపన్నకు మేనమామలని సంప్రదాయము చెప్పుచున్నది. బాల్యముననే ఆయనకు రామభక్తి అబ్బినది. కబీరుదాసు అను మహాత్ముడు ఆయనకు తారకమంత్రము ఉపదేశించెనని జనశ్రుతి. ఉత్తర దేశమున ప్రసిద్ధుడైన కబీరు 15వ శతాబ్దమువాడు గనుక, ఆ పేరుగల మరియొక సాధువు అయియుండునని పెద్దలు సమన్వయించుదురు. గోపన్న భార్య కమలాంబ. ఒకనాడు ఇంట సంతర్పణ జరుగుచుండగా వారి పసిబిడ్డ కాగిన గంజిగుంటలో పడి అసువులు బాసెననియు, అతిథులు ఆకలితో లేవరాదని ఆ ఇల్లాలు దుఃఖమును దిగమ్రింగెననియు, రామానుగ్రహమున ఆ బిడ్డ మరల కన్నులు తెరచెననియు కథకులు చెప్పుదురు. ఆ దంపతుల హృదయము ఎట్టిదో తెలుపుటకు ఈ కథ ఒక్కటి చాలును.

అడవి నడుమ కొండ

1672లో అబుల్ హసన్ కుతుబ్‌షా గోలకొండ సింహాసనమెక్కెను. ఆయననే మనవారు తానీషా అని పిలుతురు. కొలది కాలమునకే మాదన్నకు మంత్రిపదవి లభించినది. ఆ మేనమామల మూలమున గోపన్నకు పాల్వంచ పరగణా తహశీలుదారు ఉద్యోగము వచ్చినదని ప్రతీతి.

నేడు ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచ, సారపాకల మీదుగా భద్రాచలము పోవు యాత్రికులకు ఆ దారి కొన్ని గంటల ప్రయాణము. గోదావరిపై వంతెన దాటిన వెంటనే గోపురము కానవచ్చును. గోపన్న నాటికి అది దండకారణ్యపు అంచు. టేకు, ఇప్ప, తునికి చెట్లు దట్టముగా పెరిగిన అడవి, నడుమ కోయగూడెములు, వానకాలమున పొంగి దారులు మూసివేయు వాగులు, అన్నిటికిని ఆవల గోదావరి. అట్టి చోట ప్రభుత్వమనగా శిస్తు కట్టించుకొను తహశీలుదారు ఒక్కడే.

ఆ నది ఒడ్డున భద్రగిరి. మేరుపుత్రుడైన భద్రుడు తపస్సు చేసి, స్వామిని తన శిరముపై నిలుపుకొనెనని స్థలపురాణము. గోపన్న రాకకు కొంత ముందు, పోకల దమ్మక్క అను భక్తురాలు స్వప్నమున స్వామి ఆనతి పొంది, పుట్టలో వెలసిన మూర్తులను కనుగొని, పైన పందిరి వేసి, అడవిలో దొరకిన తాటిపండు నివేదించి పూజించెనని చెప్పుదురు. కావున భద్రాద్రి రాముని మొదటి ఆలయము తాటాకు పందిరి, మొదటి నైవేద్యము తాటిపండు. ఈ విషయము జ్ఞాపకముంచుకొనవలయును. ఈ కథ చివర దీనితో పని కలదు.

తహశీలుదారుగా ఊరూర తిరుగుచు గోపన్న ఆ కొండకు వచ్చెను. పందిరి క్రింద సీతాలక్ష్మణ సమేతుడైన రాముని చూచెను. ఎండకు ఎండి, వానకు తడియుచున్న స్వామిని చూచి ఆయన మనసు నిలువలేదు. గుడి కట్టించవలెనని సంకల్పించెను.

ఆలయ నిర్మాణము

ఆ సంకల్పము ఎట్లు నెరవేరినదో లోకమునకు తెలియును. గర్భాలయము లేచినది. ప్రాకారము, గోపురము, మంటపములు అమరినవి. స్వామికి కలికితురాయి, సీతమ్మకు చింతాకు పతకము, లక్ష్మణునకు ముత్యాల పతకము, భరతునకు పచ్చల పతకము, శత్రుఘ్నునకు బంగారు మొలత్రాడు సిద్ధమైనవి. వీటన్నిటికి అయిన వ్యయము 6 లక్షల వరహాలని జనశ్రుతి. ఆ ధనము గోపన్న సొంతము కాదు. పరగణా ప్రజలు ప్రభువునకు కట్టిన శిస్తు.

ఇచట మనవంటి భక్తజనులము ఒక చిన్న పొరపాటు చేయుచుందుము. రాముని గుడికి ఖర్చైన ధనము గనుక అందు దోషమేమున్నదని తేలికగా దాటిపోవుదుము. ప్రజలే మనస్ఫూర్తిగా ఒప్పుకొనిరని కొందరు, పంట రాగానే తిరిగి కట్టవలెనని గోపన్న తలచెనని మరికొందరు చెప్పుదురు. ఎట్లు చెప్పినను సర్కారు సొమ్ము సర్కారునకు చేరలేదు. గోలకొండ నాడు నిశ్చింతగా ఉన్న రాజ్యము కాదు. 1636 నాటి ఒప్పందము ప్రకారము మొగలు చక్రవర్తికి ఏటేట 2 లక్షల హొన్నులు కప్పము కట్టవలసిన రాజ్యము అది. హొన్ను అనినను వరహా అనినను ఒకటే. జనశ్రుతి చెప్పిన లెక్కనే తీసికొనినచో, గోపన్న వెచ్చించినది మూడేండ్ల కప్పము. అట్టి పైకము లెక్కకు రానిచో ఏ ప్రభువైనను అడుగక మానడు. తానీషా అడిగెను. గోపన్న చెల్లింపలేకపోయెను. మేనమామ మంత్రియైనను, లెక్క లెక్కయే అయినది. గోపన్నను గోలకొండకు తీసికొనిపోయి చెరలో వేసిరి.

కారాగారవాసము

గోలకొండ కోటకు పోయినవారు రామదాసు బందిఖానా అను చీకటి కొట్టును చూచియుందురు. దళసరి రాతిగోడలు, వెలుతురు కొరకు పైన చిన్న రంధ్రము. గోడమీద సీతారామలక్ష్మణుల, ఆంజనేయుని రూపములు చెక్కబడియున్నవి. అవి ఆయన చేతి పనియేనని చెప్పుదురు. ఆ కొట్టులో ఆయన 12 ఏండ్లు ఉండెనని సంప్రదాయము. కొరడా దెబ్బలు తినెననియు, బాకీ తీర్చుమని ప్రతిదినము హింసించిరనియు కథలు వర్ణించుచున్నవి.

ఉద్యోగమున ఉన్నంతకాలము మనుష్యునకు వెనుకకు తిరిగి చూచుకొను తీరిక ఉండదు. కొండపై గోడలు లేచుచున్నప్పుడు గోపన్నకు రాళ్ళు, సున్నము, కూలివారు, కంసాలివారు తప్ప వేరు చింత ఉండియుండదు. చెరలో పనిలేదు, పరివారము లేదు. ఉన్నది జ్ఞాపకమొక్కటే. ఆయన కీర్తనములలో అనేకము ఈ జ్ఞాపకము నుండి పుట్టినవని పెద్దల మాట. వాటిని వరుసగా మననము చేసినచో, ఒకే గతమును ఆయన మూడు విధములుగా చదువుకొనినట్లు నాకు కనబడుచున్నది.

మొదటి పఠనము – బాకీ లెక్క

ఇక్ష్వాకు వంశమునకు తిలకమైన రాముని సంబోధించుచు ఆయన పాడిన కీర్తన మనకందరికి కంఠస్థమే. అది పైకి కీర్తన, లోపల జమాఖర్చు పద్దు. ప్రాకారమునకు ఇంత, భరతుని పతకమునకు ఇంత, శత్రుఘ్నుని మొలత్రాటికి ఇంత, సీతమ్మ పతకమునకు ఇంత అని తహశీలుదారు తన చిట్టా విప్పి చదివినట్లు ఒక్కొక్క నగను, దాని వెలను చెప్పుచు పోవును. పిదప కంఠము పెరుగును. ఈ నగలు నీ తండ్రి పెట్టినవా, నీ మామ జనకుడు పంపినవా అని నిలదీయును. ఎవరి సొమ్మని అనుభవించుచున్నావని అడుగును. ఈ పఠనములో గోపన్న అప్పిచ్చినవాడు, రాముడు బాకీదారు. ప్రతి చరణమునను చేయించినవాడను నేనే అను మాట మ్రోగుచుండును.

ఆ కీర్తన చివర స్వరము మారును. దెబ్బల బాధకు తాళలేక తిట్టితిని, తిట్టినందుకు నొచ్చుకొనవద్దు అని ఆయన వేడును.

ఇచట నా మాట ఒకటి చెప్పుకొనక తప్పదు. పాఠశాలలో కువలయానందము చదివిన నాటి నుండి, అలంకారములు ఎచట కనబడినను పట్టి చూపుట నాకు అలవాటైనది. బడిలో సంస్కృత పండితుడుగా ఉన్నంతకాలము, వ్యాజస్తుతికి ఉదాహరణము చెప్పవలసి వచ్చినప్పుడెల్ల ఈ కీర్తననే చెప్పితిని. పైకి నింద, లోపల స్తుతి, ఇట్టి చమత్కారమునకు వ్యాజస్తుతి యని పేరు, రామదాసు నిజముగా తిట్టలేదు అని బోధించితిని. ఒక సంవత్సరము ఒక పిల్లవాడు లేచి, లోపల స్తుతియే అయినచో చివర మన్నింపుమని ఎందుకు అడిగెనని ప్రశ్నించినాడు. నాకు జవాబు తోచలేదు. తోచనందున కోపము వచ్చినది. వాని నోరు మూయించి కూర్చుండబెట్టితిని.

ఉద్యోగ విరమణ చేసిన పిమ్మట, ఒకనాటి తెల్లవారుజామున ఈ కీర్తన వినుచుండగా ఆ పిల్లవాని ప్రశ్న మరల చెవిన పడినది. వాడు అడిగినది సరియే. వ్యాజస్తుతికి క్షమాపణము అక్కరలేదు. పొగడినవాడు పొగడితినని చెప్పి మన్నింపు కోరడు. రామదాసు నిజముగా తిట్టినాడు. ఒడలు నొచ్చి, మనసు నొచ్చి, తన రాముని తాను తిట్టినాడు. ఆ తిట్టు నిజమైనందుననే ఆ అనుతాపము నిజమైనది. నేను తిట్టును అలంకారముగా మార్చి, దానితోపాటు ఆయన కన్నీటిని గూడ అలంకారముగా మార్చివేసితిని. ఎంతమంది పిల్లలకు అట్లు చెప్పితినో లెక్కలేదు. ఆ పిల్లవాడు నేడు ఎచట ఉన్నాడో నాకు తెలియదు. ఈ పుట వాని కంటబడినచో, వాని ప్రశ్నకు ఇదియే నా జవాబని గ్రహించుగాక.

రెండవ పఠనము – దోష విచారము

తిట్టి నొచ్చుకొనిన మనసు అచటనే ఆగదు. తప్పు నాలో ఏమున్నదని వెదకుట ప్రారంభించును. రామదాసు కీర్తనములలో మరియొక వర్గము ఇట్టిది. స్వామి నాతో మాటాడుట లేదేల, మాట బంగారమంత అరుదైనదేల, నేనెరుగక చేసిన అపరాధమేది అని ఆయన తన్ను తాను ప్రశ్నించుకొనును. దాశరథీ శతకమందును ఇట్టి అనుతాపము ఒకచోట సూటిగా కనబడును. పూర్వము తన కవిత్వమును అయోగ్యులకు సమర్పించితినని, అది రేగుపండ్లకు ముత్యములు ధారపోసినట్లైనదని ఆయన వగచినాడు. వాక్కు దైవమిచ్చిన ముత్యము. దానిని ఎవరికి పోసితినని కవి వెనుకకు చూచుకొని నొచ్చుకొనుచున్నాడు.

రామదాసు కష్టమునకు కారణము వెదకిన ప్రజలును ఒక కథ చెప్పుకొనిరి. పూర్వజన్మమున ఆయన ఒక చిలుకను పంజరమున బంధించి ఉంచెననియు, ఆ బంధనమునకు ఫలముగా ఈ జన్మమున తాను చెరలో ఉండవలసి వచ్చెననియు ఆ కథ. ఆ చిలుకను పెంచినవాడు దానిని హింసింపదలచి పంజరములో పెట్టలేదు. ముద్దుగా పలుకులు నేర్పుటకే పెట్టినాడు. ముద్దుకొలది చేసిన పనియైనను, చిలుక పక్షమున అది చెరయే. ప్రేమతో చేసినంత మాత్రమున పని నిర్దోషము కాదని, రెండవవాని పక్షమున నిలిచి చూచుకొనవలయునని ఈ కథ చెప్పుచున్నది. రాముని మీది ప్రేమతో గుడి కట్టిన గోపన్నకు ఇంతకంటె తగిన కథ వేరొకటి లేదు.

మూడవ పఠనము – తల్లికి విన్నపము

లెక్క చెప్పిన వాదము నిలువలేదు. దోషము వెదకిన విచారము తెమలలేదు. అప్పుడు రామదాసు సీతమ్మవైపు తిరిగెను. నా మాట స్వామికి నీవు చెప్పుము, ఆయన ప్రసన్నుడై నీ చెంత ఉన్న ఏకాంతవేళ జ్ఞాపకము చేయుము అని తల్లిని వేడిన కీర్తన సుప్రసిద్ధము. వైష్ణవ సంప్రదాయమున దీనికి పురుషకారమని పేరు. తప్పు చేసిన బిడ్డ తండ్రి ఎదుటికి పోజాలక తల్లి కొంగు పట్టుకొనుట వంటిది. ఆ కీర్తనలో పతకముల వెలలు లేవు. వరహాల మాట లేదు. చేయించినవాడను నేనే అను మాటయు లేదు. గుడి అదే, నగలు అవే, గడచిన దినములు అవే. చదువువాడు మాత్రము మారినాడు. అప్పిచ్చినవాని చిట్టా బిడ్డ విన్నపముగా మారినది. శరణాగతికి అంగములలో కార్పణ్యమని ఒకటి చెప్పుదురు. నా వలన కాదు, నా కెవరును లేరు అని ఎరుగుట దాని లక్షణము. పాఠములో ఆ మాటకు అర్థము చెప్పుట సులభము. గోపన్నకు అది నేర్పుటకు 12 ఏండ్లు పట్టినది.

చెల్లుచీటి

విడుదల కథ అందరికి తెలిసినదే. ఒక రాత్రి రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అను పేర్లతో తానీషా శయనాగారమున ప్రత్యక్షమై, గోపన్న బాకీ పైకమును రామమాడలుగా రాశిపోసి, చెల్లుచీటి వ్రాయించుకొని, దానిని చెరలో నిద్రించుచున్న గోపన్న చెంత ఉంచి అంతర్ధానమైరి. తెల్లవారి తానీషా విషయము గ్రహించి, గోపన్నను విడిపించి, తాను కన్న దర్శనమునకు పరవశించి, ఆ సొమ్మును మరల గోపన్నకే ఈయబోగా, గోపన్న వలదని, తనకు లభింపని దర్శనము ప్రభువునకు లభించెనని కన్నీరు పెట్టుకొనెనట.

ఈ కథలో ఒక సూక్ష్మము కలదు. రాముడు తలచినచో చెరసాల గోడలు పడగొట్టజాలడా? సంకెలలు తెగునట్లు చేయజాలడా? ఆయన అట్లు చేయలేదు. బాకీ మొత్తము లెక్కపెట్టి కట్టినాడు. కట్టి రసీదు తీసికొనినాడు. భక్తుడు ఖర్చుపెట్టిన సర్కారు సొమ్ము సర్కారునకు చేరవలసినదే అని దైవమే ఒప్పుకొనినట్లు ఈ కథ అల్లిన ప్రజలు భావించిరి. భక్తి ఋణమును రద్దు చేయలేదు, ఋణము తీర్చినది. దేవుని పేరు చెప్పి లెక్క తప్పించుకొనదలచువారికి ఇంతకంటె మంచి పాఠము లేదు.

కాలము తిరిగిన తీరు

చెరలో ఉన్నవాడు విడుదలయ్యెను. చెరలో ఉంచినవారి గతి ఏమైనది? 1686లో అక్కన్న మాదన్నలు గోలకొండలో హత్యకు గురియైరి. 1687లో ఔరంగజేబు సేనలు ఎనిమిది నెలల ముట్టడి పిదప కోటను పట్టుకొనినవి. తానీషాను బందీగా దౌలతాబాదు కోటకు కొనిపోయిరి. ఆయన అచటనే 1699లో మరణించెను. ఆ చెర సుమారు 12 ఏండ్లు. గోపన్నకు విధించినన్ని ఏండ్లే ప్రభువునకును ప్రాప్తించినవి. ఇందు ప్రతీకారమును చూచి సంతోషించుట తగదు. మన తెలుగువారు తానీషాను ద్వేషింపలేదు. రాముని దర్శించిన పుణ్యాత్ముడుగనే ఆయనను తలతురు. శ్రీరామనవమి కల్యాణమునకు ప్రభుత్వము పక్షమున ముత్యాల తలంబ్రాలు తెచ్చు ఆచారము ఆయన నాటిదని చెప్పుకొనుచు, ఏటేట ఆయన పేరు స్మరింతురు. చెరవేసినవానిని గూడ పెండ్లిపందిటిలో తలచుకొనుట ఈ క్షేత్రము గొప్పదనము.

రామదాసు శేషజీవితము భద్రాద్రిలో స్వామి సేవలో గడచినదని సంప్రదాయము. ఆయన కీర్తనములు దేశమంతట వ్యాపించినవి. కావేరీ తీరమున త్యాగరాజస్వామి ఆయనను భక్తితో స్మరించినాడు. 19వ శతాబ్దమున తూము నరసింహదాసు భద్రాద్రికి వచ్చి స్వామి కైంకర్యములను చక్కబరచినాడు. మన కాలమున మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు ఆ కీర్తనములను పాడి ఇంటింట వినిపించినారు. భద్రాచలము 1860లో ఆంగ్లేయుల పాలనకు పోయినది, 1959లో ఖమ్మము జిల్లాలో చేరినది, 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో భాగమైనది. పాలకులు మారిరి, ఎల్లలు మారినవి. కొండపై కల్యాణము మాత్రము జరుగుచునే ఉన్నది.

మూడవ సూత్రము

ఆ కల్యాణములో ఒక విశేషము కలదు. లోకమున పెండ్లికి పుట్టినింటి సూత్రమొకటి, మెట్టినింటి సూత్రమొకటి. భద్రాద్రిలో సీతమ్మకు మూడు సూత్రములు. మూడవది రామదాసు పక్షమున. సీతమ్మను ఆయన కన్నకూతురుగా భావించినాడు గనుక, ఆ తండ్రి సూత్రముగా దానిని కట్టుదురు. ఆయన చేయించిన నగలను కల్యాణవేళ అర్చకస్వాములు భక్తులకు చూపుదురు. చింతాకు పతకము, పచ్చల పతకము, కలికితురాయి అని పేరుపేరున చెప్పుదురు. చెరసాలలో కోపముతో చదివిన చిట్టాయే అది. పందిటిలో వినునప్పుడు అది కూతురికి తండ్రి పెట్టిన సారెగా వినబడును. ఏ తండ్రియు సారె సామానుల వెల చెప్పి అల్లుని నిలదీయడు.

ఈ నగలు నీ మామ జనకుడు పంపినవా అని గోపన్న ఒకనాడు రాముని ఎత్తిపొడిచినాడు. ఆ ఎత్తిపొడుపునకు భద్రాద్రి ఇచ్చిన సమాధానము ఈ మూడవ సూత్రము. అవును, నీ మామయే పంపినాడు, ఆ మామ ఈ గోపన్నయే అని అది చెప్పుచున్నది. తిట్టులోని మాటయే వరముగా మారినది. జనకుని స్థానము గోపన్నకు లభించినది. దమ్మక్క పెట్టిన తాటిపండునకు వెల లేదు. రామదాసు చేయించిన పతకములకు మొదట వెల ఉన్నది, అనుతాపముతో ఆ వెల చెరిగిపోయినది. అప్పుడు పతకమును తాటిపండును ఒకే పళ్ళెరమున చేరినవి.

పాఠక మహాశయులారా! మనలో పెక్కురము జీవితపు సాయంకాలమున ఉన్నవారము. ఉద్యోగము లేదు, పిల్లలు దూరమున ఉన్నారు, రాత్రివేళ నిద్ర తక్కువ. అట్టి వేళ గతము తనంత తాను వచ్చి ఎదుట కూర్చుండును. ఎవరికి ఏమి చేసితిమో, ఎవరు తిరిగి చేయలేదో అని చిట్టా విప్పుకొని చదువుట సులభము. కొడుకు చదువునకు ఇంత, కూతురి పెండ్లికి ఇంత, తమ్ముని ఇంటికి ఇంత. ఆ చదువు రామదాసుకును మొదట వచ్చినదే. ఆయన అచట ఆగలేదు. తిట్టితినని ఒప్పుకొనెను, తన తప్పు వెదకుకొనెను, చివరకు లెక్క ముడిచి తల్లి చేతికి ఇచ్చెను. గడచిన దినమును మార్చుట ఎవరికిని శక్యము కాదు. దానిని ఎవరి పేర వ్రాసికొందుమో అది మాత్రము కడవరకు మన చేతిలోనే ఉన్నది.

ఈ మారు కల్యాణమునకు పోయినవారు, మూడవ సూత్రము కట్టు వేళ క్షణకాలము కన్నులు మూసికొని తమ చిట్టాను తలచుకొందురు గాక. నేనును నాది తలచుకొందును. అందు కూర్చుండబెట్టిన ఆ పిల్లవాని పేరు మొదట ఉన్నది.

శ్రీరామార్పణమస్తు.